ఈ

కళ్యాణదుర్గం జూనియర్ కాలేజీ. మధ్యాహ్నం మొదటి గంట.
సంకటి తిన్న కళ్లు మూతలు పడుతున్నాయి.
బోర్డు మీద ఇంగ్లీషు 'ఈ' రాసి
తేరు చూపించడానికి బిడ్డనెత్తుకున్నట్టు
దాని భుజమ్మీద కాలాన్ని కూర్చోబెట్టాను.
"మొదటి లెక్కని దీంతో హెచ్చవేస్తే
ఏనాటికి ఎంత జనాభానో తేలుతుంది" అన్నాను,
ఇరవై ఆరేళ్లుగా అంటున్నట్టే.

వెనక బెంచీలో కంబదూరు వన్నూరమ్మ లేచింది.
"ఈ అంటే ఈనడమా సార్?"

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వబోయి ఆగాను.
రెండు పాయింట్ ఏడు ఒకటి ఎనిమిది అంటూ
దశాంశాల తోక పట్టుకు తిరిగానే గానీ
గొర్రె ఈనింది, జొన్న ఈనింది,
నేల ఈనినట్టొచ్చారు జనం
అని రోజూ అనే నోటిని
ఒక్కసారైనా అడిగానా?

"సరే, ఏం ఈనితే లెక్క వేద్దాం?"
"కంబళిపురుగు సార్."

వేశాం.
తొలివాన తడికి మట్టిలోంచి లేచిన ఆడది ఒకటి.
ఎనిమిది వందల గుడ్లు. సగం ఆడవి. ఒక్కటీ చావకుంటే
వచ్చే ఏడు నాలుగు వందలు,
పైయేడు లక్షా అరవై వేలు,
ఆపైన ఆరు కోట్ల నలభై లక్షలు.
గీత నిక్కి బోర్డు దాటింది.
స్టూలెక్కి గోడమీద గీశాను.
సున్నం రాలి నెత్తిన పడింది.

"అట్ల గాదు సార్. అంత దూరం రానీరు.
తొలివాన పడిన రాత్రే మా సుంకమ్మవ్వ
గట్టు మీద పాత టైరు అంటిస్తాది.
ఊరందరి గట్లమీదా మంటలే.
రెక్కలొచ్చినవన్నీ వచ్చి పడతాయి.
తప్పించుకున్నవాటికి చాళ్లకడ్డం జిల్లేడాకు.
ఏంటికవ్వా ఇంత తొందరంటే,
ఈ పొద్దు దోసెడు, పదైదు దినాలకి బండెడు అంటాది."

సుంకమ్మవ్వ వేలిముద్ర మనిషి.
సంవర్గమానం ఆమెకు
కాలిన రబ్బరు వాసన.

గీత గోడెక్కే ముందు
చదునుగా పాక్కుంటూ పోయే చోటొకటుంటుంది,
చూడ్డానికి ఏమీ లేనట్టు. జానెడు.
నేనెప్పుడూ డస్టరు ఆనించేది అక్కడే.

గంట కొట్టారు.
గోడ తుడవమంటారా అనడిగాడు అటెండరు ఖాజా.
ఉండనీ అన్నాను.
కిందెక్కడో, గీత మొదట్లో,
ఎర్ర సుద్దతో చుక్క ఉంది.
వన్నూరమ్మ పెట్టిపోయిందేమో.
మంటలా లేదు. చిన్నది.