వీపు

రూవీల, బస్టాండు ఎన్క గల్లీల
నా మిషిను గోడకు ఆనుకొని ఉంటది.
ఫ్యాను గాలి రాని మూల.
మంచి జాగ ఇస్తనన్నడు మాలిక్.
వద్దన్న.
గోడ ఉన్నదంటే ఎన్క ఎవ్వరు లేనట్టు.

ఆరో తరగతిల నా అంగీకి
అన్నం మెతుకులతోని కాయితం అంటిచ్చిండ్రు.
బడికాన్నుంచి ఇంటిదాంక బజారంత నవ్వింది.
నేను గూడ నవ్వుకుంట పోయిన,
ఎందుకో తెలిస్తే నాకూ సంబురమే అయితదని.
అమ్మ పీకి పొయ్యిల పెట్టింది.
ఏం రాసిండ్రే అమ్మా అంటే
"ఏం లేదు, తిను" అన్నది.

తర్వాత మూడేండ్లు.
కాయితం దొరకని నాడు సుద్దముక్క,
సుద్ద లేని నాడు ఉత్త అరచెయ్యి,
కొట్టినట్టు గాదు, దోస్తు తట్టినట్టు.

ఇప్పుడు ఇరవై ఏడు నాకు.
దిష్‌దాషా కుట్టుడు వచ్చు,
మెడ కాడ అత్తరు ముంచే కుచ్చు అల్లుడు వచ్చు.
ఒమానీ ముసలాయన "జైన్, జైన్" అని భుజం తడితే
బాత్రూములకు పోయి అంగీ ఇప్పి చూసుకుంట.
అక్క ఒక పిల్ల ఫోటో పంపింది,
నువ్వు నచ్చినవట అన్నది.
ఆ ఫోటోను పెద్దగ చేసి చేసి
పిల్ల ఎన్క ఎవరన్న నవ్వుతున్నరా అని దేవులాడిన.
అక్కకు ఇంక జవాబియ్యలేదు.

మొన్న శుక్కురారం రూముల
కొమిల్లా నుంచి వచ్చిన కొత్త పిలగాడు మొఫిజుల్
వంగి బియ్యం కడుగుతున్నడు.
వాని బనీనుకు తోకలెక్క
ఆరు బట్టల క్లిప్పులు.
అందరికన్న ముందు నవ్వింది
నేనే.

ఆ నవ్వు నాకెరుకే.
అది మా బజారుది.

లేచిపోయి ఒక్కొక్కటి తీసిన.
మూడోదానికి వాడు గిర్రున తిరిగిండు.
పెడుతున్నది నేననుకున్నడు.
నాకు వాని భాష రాదు.
క్లిప్పులు అరచేతిల పెట్టి చూపిన.
వాడు క్లిప్పుల దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు,
తడి చెయ్యి వీపుకు పోయింది,
నవ్విండు,
ఎందుకో తెలిస్తే సంబురమే అన్నట్టు.

తెల్లారి ఇస్త్రీకి ముందు
తెల్ల బట్ట వీపు దిక్కు తిప్పి అరచెయ్యితోని రాసిన.
మల్ల రాసిన.
ఏం లేదు.

ఏం లేదు అన్నప్పుడల్ల
అమ్మ గొంతే ఇనవడుతది.