బి షిఫ్టు కార్డు

గంటస్తంభం దగ్గర తూకానికి కొనేవాణ్ణి వాటిని,
ఇంగ్లీషు దొరల హత్యల్ని.
అట్టలూడినవి, చెమ్మకి ఉబ్బినవి,
ఒక్కోసారి ఆఖరి పేజీ లేనివి కూడా.
హంతకుడెవరో తెలీకుండానే
అరకేజీకి డబ్బులిచ్చి తెచ్చుకునేవాణ్ణి.

కోటల్లో జరిగినవి నాకక్కర్లేదు.
ఆఫీసుల్లో జరిగినవే ఏరుకునేవాణ్ణి.
లెడ్జర్ల బీరువా వెనక శవం,
సిరాబుడ్డి పక్కన సగం తాగిన టీ,
అందరికన్నా ముందొచ్చే హెడ్ గుమాస్తా
ఆ రోజు మాత్రం ఎందుకు ఆలస్యంగా వచ్చాడు?
చంపావతి ఒడ్డున, జూట్ మిల్లులో, టైమాఫీసు కిటికీ వెనక
ఇరవై రెండేళ్ళుగా కూర్చున్నవాడికి
అలాంటి ప్రశ్నంటే ప్రాణం.

నన్ను కట్టిపడేసింది డిటెక్టివు తెలివి కాదు.
ఒక గుమాస్తా చస్తే
మూడొందల పేజీలు ఆగి అడుగుతారే, అది.
పంచదార ఎవరు కలిపారు,
గొడుగు ఎందుకు తడిసింది,
తలుపు ఎన్నింటికి చప్పుడైంది.
మావాళ్ళ చావు రిజిస్టర్లో ఒక గడి.
జీతాల పుస్తకం నిండా వేలిముద్రలే,
ఏనాడూ ఎవరూ భూతద్దం పట్టలేదు.

నేనూ కొన్ని కేసులు తేల్చాను.
ఒకడి కార్డు ఇంకొకడు నొక్కితే
చెప్పుల చప్పుణ్ణి బట్టి పట్టేసేవాణ్ణి.
సగం రోజు కూలి కోత.
రాత్రి నవల తెరిచి, దర్జాగా కాళ్ళు చాపుకునేవాణ్ణి.

శ్రావణంలో ఓ మంగళవారం, బి షిఫ్టు.
కార్డింగు మిషను లెంక సన్యాసి చెయ్యందుకుంది.
చెయ్యితో ఆగలేదు.
అప్పుడు అయిదూ పది.
అయిదున్నరకి మేనేజరు స్వయంగా నా గదికొచ్చాడు,
కూర్చోలేదు.
"అతను మూడింటికే వెళ్ళిపోయాడు కదండీ" అన్నాడు.
ఇరవై రెండేళ్ళలో నాకు దక్కిన మొదటి "అండీ".

పంచింగు గడియారానికి తాళంచెవి ఒక్కటే.
అది నా మొలతాడుకే ఉంటుంది.
ముళ్ళు వెనక్కి తిప్పాను. కార్డు పెట్టాను.
టింగుమంది.
ముళ్ళు మళ్ళీ ముందుకి.

బయట తాగి, దొంగతనంగా లోపలికొచ్చి
మిషన్లో చెయ్యి పెట్టాడని రాశారు.
ఇన్‌స్పెక్టరొచ్చాడు.
కొబ్బరిబొండం తాగాడు, సంతకం పెట్టాడు,
గుజ్జు కూడా గీకించుకుని తిన్నాడు.

పెద్దకర్మ అయ్యాక ఎర్నమ్మ వచ్చింది.
సంచులు కుట్టే సెక్షన్లో మనిషి. అక్షరం ముక్క రాదు.
"నా పెనిమిటి కార్డు ఓపాలి సూపించు బావూ."
చూపించాను. చదువు రాని మనిషేగా.
"ఆ పొద్దే, మూడింటికి జొరమని ఎల్లిపోనాది మా గౌరమ్మ.
దానిదీ తియ్యి."
రెండూ పక్కపక్కన పరిచింది,
సంచికి సంచి జత చూసినట్టు.
వంగి, అంకెల మీద గోరుతో రాసింది.
"ఇద్దరూ ఒక్క ఏళకే ఎల్లిపోనారు గదా.
దానిది ఎలిసిపోయినట్టుంది,
ఈడిది కాటిక్కన్నా నల్లగుంది.
ఏటది?"

అప్పుడు తట్టింది నాకు.
ఇన్ని నవలలు నమిలిన బుర్రకి
అప్పటిదాకా తట్టలేదు.
ఆ సాయంత్రమే పాత రిబ్బను తీసి కొత్తది వేశాను.

ఆఖరి అధ్యాయంలో అందర్నీ ఒక గదిలోకి పిలుస్తారు.
డిటెక్టివు నిలబడి
అనుమానితుల్ని ఒక్కొక్కర్నే వదిలేసుకుంటూ వస్తాడు.
ఇక్కడ కిటికీకి అటు ఆమె,
ఇటు నేను.
వదిలెయ్యడానికి ఇంకెవరూ లేరు.

"సిరా ఎప్పుడు మార్చేవు బావూ?"

ఫ్యాను తిరుగుతోంది.
టీ మీద నారపొడి తెట్టు కట్టింది.
నాలుగింటికి, అన్నాను.

ఏడవలేదు, తిట్టలేదు.
రెండు కార్డులూ కొంగున ముడేసుకుంది.
నేను చెయ్యి చాపలేదు.
నాలుగడుగులేసి వెనక్కి తిరిగింది.

"ఇజీనారం బస్సు ఎన్నింటికి?
టైమాఫీసోడివి గదా,
ఈ పాలైనా సరిగ్గా సెప్పు."