ఇంచున్నర

పదివేలు కావాలన్నాడు హుసేనప్ప.
నెలకు పదివేల మంది చూడాలంట వెబ్‌సైటు.
బెంగుళూరు నుంచి ఎవరో ఫోన్ చేసినారంట,
ముప్పై వేలు కడితే లక్ష మందినైనా తోలుకొస్తామని,
సంతకు గొర్రెల్ని తోలినట్టు.

పామిడి బస్టాండు ఎనక సందు.
రేకుల కొట్టం, కాలిన వార్నీషు వాసన.
నేను లాప్‌టాప్ పెట్టుకోడానికి
చచ్చిపోయిన ఐదు హెచ్‌పీ మోటారొకటి
బోర్లించి ఇచ్చినాడు, పీట మాదిరి.

"మన చుట్టూ ఎన్ని ఊర్లు మామా?"
"ముప్పై."
"ఊరికెన్ని బోర్లు?"
"ఎండినవా, ఉండేవా?"

ఉండేవే రాసుకున్నా. ఊరికి నూరు.
మూడు వేల మోటార్లు
నేల కింద చీకట్లో తిరుగుతున్నాయి
నేను వేలు మడిచి లెక్కేస్తుంటే.
రెండేళ్ళకొకసారి ఏ మోటారైనా కాలుతుంది,
ఓల్టేజీ కుదురుగుంటే మూడో ఏడు చూస్తుంది.
రెండే వేసుకుందాం.
నెలకు నూట ఇరవై అయిదు.
అందులో నూరు మంది ఎవర్నీ వెతకరు.
బావమరిదికి తెలిసిన మేస్త్రీ ఉంటాడు,
లేకుంటే నాయన నాటి నుంచీ ఒకటే అంగడి.
మిగిలింది పాతిక.
ఆ పాతిక మందే తడి మట్టిలో నిలబడి
ఫోనును నోటి దగ్గర పెట్టుకుని అడుగుతారు
దగ్గర్లో మోటారు మెకానిక్ ఎవరని.
వాళ్ళల్లో కొందరు గుత్తికి, కొందరు గార్లదిన్నెకు.
మనకు పదిహేను.

"ఏడాది తిరిగేసరికి ఎండాకాలం నెలల్లో నలభై.
అంతకు మించి ఎవరన్నా చెప్తే
అబద్ధం మామా."

మొగం మాడింది.
నలభైకి కంప్యూటరెందుకు సుంకమ్మ పాపా,
టీ అంగడి కాడ నిలబడితే
పొద్దెక్కేలోపల నలభై మొగాలు కనపడవా అన్నాడు.
"కనపడతాయి. మోటారు కాలిన మొగాలెన్ని?"

బదులు చెప్పలేదు. తీగ చుట్టుకుంటా కూర్చున్నాడు.
చుట్లు లెక్కపెట్టేటప్పుడు మాట్లాడడు,
ఒకటి తప్పితే మోటారు మళ్ళీ కాలుతుంది.
అరవై నాలుగు కాడ ఆపి
"ఎన్ని ఇంచుల నీళ్ళనుకోవాల?" అన్నాడు.

ఇన్నేండ్లు ఎంతమందికో గ్రాఫులు గీసి చూపించినా,
ఈ మాట నాకు తట్టలేదు.
మా నాయన మూడు బోర్లు వేయించినాడు,
రెండిట్లో తెల్ల దుమ్ము,
మూడోదాంట్లో...
"ఇంచున్నర మామా."

"అట్ల చెప్పు మరి.
ఇంచున్నరకు రెండెకరాల చీనీ బతుకుతుంది,
డ్రిప్పు పెట్టుకుంటే.
ఆరించులు పడిందని పొంగిపోయి
పదెకరాలు నాటినోడే కదా తోట కొట్టేసింది."

డ్రిప్పే పెట్టినాం.
నంబరు పైన పెద్దచ్చరాలతో.
ముప్పై ఊర్ల పేర్లు తెలుగులో, ఒక్కటీ వదలకుండా.
ఎన్ని హెచ్‌పీకి ఎంతవుతుందో, ఎన్ని దినాలో.
బెంగుళూరు నంబరు ఆయనే బ్లాకు చేయించుకున్నాడు నా చేత.

మొదటి నెల పదకొండు.
అందులో ఆరు హుసేనప్పవే,
నిద్ర లేస్తానే తెరిచి తన కొట్టం ఫోటో చూసుకున్నాడు.
రెండు నావి.
ఒకటి సింగపూరులో ఏదో యంత్రం, దానికి మోటారు లేదు, పొలమూ లేదు.
ఇంకొకటి మధ్యాహ్నం వచ్చి వెంటనే పోయింది.
చివరిది రాత్రి రెండుంబావుకు.
నలభై సెకండ్లు నిలబడింది,
నంబరు నొక్కలేదు.

రాత్రి కరెంటిచ్చిన వారమది.
లెక్క రాసేటప్పుడు పది అని గుండు చేద్దామనుకున్నా,
ఆ ఒకటి కాడ చెయ్యి ఆగింది.

మరుసటి దినం ఎవరో ఒకాయన
టీవీఎస్ ఎనక మోటారు కట్టుకుని దిగినాడు,
మోకాళ్ళ దాకా బురద ఎండి పగిలి ఉంది.
నేను పుస్తకం తీసి, అన్నా, నువ్వు మమ్మల్ని ఎట్ల కనుక్కుని...
అంటుండగానే హుసేనప్ప చెయ్యి అడ్డం పెట్టినాడు.

"వచ్చినోణ్ణి ఎట్లొచ్చినావని అడుగుతారా పాపా?
ముందు నీళ్ళియ్యి."