సగం గుడ్డు

ఐదు గుడ్లు, అంది కాగితం.
విభావరి వాళ్ల టీచరు చేతిరాత.
కప్పు సెల్ఫ్ రైజింగ్ పిండి, పావు కప్పు నూనె,
మూడువందల డెబ్భై అయిదు గ్రాముల జుకినీ.
ఆరుగురికి.

మేం ఇద్దరం.
ఆరింట రెండంటే మూడోవంతు కదా నాన్నా, అంది.
రేప్పొద్దున్నకీ కొంచెం ఉండాలిగా, అన్నాను.
అయితే సగం, అని తేల్చేసి
పెన్సిలు చెవిమీద పెట్టుకుంది
బేరం తెగిన కొట్టువాడిలా.

జీలాంగ్‌లో జులై. వంటింటి అద్దానికి ఆవిరి పట్టింది.
దానిమీదే వేలితో లెక్క వేసింది:
నూట ఎనభై ఏడున్నర.
అర గ్రాము జుకినీ ఎలా ఉంటుందో
మా త్రాసుకి తెలీదు.
ఎక్కువైన తురుము నేనే నోట్లో వేసుకున్నాను.

పావులో సగం నూనె.
"పరక" అన్నాను,
నాయనమ్మ పాల లెక్కల్లోంచి ఊడిపడ్డ మాట.
పరకా? పరకా? అని కాసేపు నమిలి
ముప్పై ఒకటి పాయింట్ టూ ఫైవ్ మిల్లీలీటర్లు, అంది.
ఇక్కడి పెద్ద చెంచా ఇరవైట.
నేను డాలస్‌లో కొన్నది పదిహేను.
నాలుగేళ్లుగా ఈ ఊరి వంటలన్నీ
నా చేతిలో ఎందుకు చప్పబడుతున్నాయో
అప్పుడు తెలిసింది.

గుడ్ల దగ్గర ఆగిపోయాం.
ఐదులో సగం రెండున్నర.
నవ్విద్దామని చాకు తెచ్చాను.
నవ్వలేదు.
మూడోదాన్ని విడి గిన్నెలో కొట్టి
పచ్చా తెలుపూ ఒకటయ్యేదాకా ఫోర్కుతో గిలక్కొట్టి
తూచింది: యాభై రెండు.
ఇరవై ఆరు ఒంపింది, చివరి చుక్కని వేలితో వెనక్కి లాగి.
"విడివిడిగా ఉంటే సగం చెయ్యలేం నాన్నా,
కలిపాకే."
గుడ్డు గురించే అంది.

ఓవెన్ నూట ఎనభై. తొంభై చెయ్యనా, అన్నాను.
నా వైపు చూసిన చూపుకి
పిండి ముందే ఉడికిపోయేది.

ఆదివారం అయిదింటికి వాళ్లమ్మ కారు
రెండుసార్లు హారన్ కొట్టింది.
డబ్బాలో మూడు ముక్కలు పెట్టి ఇచ్చాను.
పద్నాలుగు రోజుల్లో నాలుగు.
రెండుతో కొట్టేస్తే ఏడింట రెండు.
ఎన్నిసార్లు కొట్టేసినా అంతే.

సోమవారం షిఫ్టు దిగి వచ్చి ఫ్రిజ్ తీస్తే
టీ కప్పు మీద సాసరు బోర్లించి ఉంది.
చీటీ మీద ఒకటి బై రెండు,
కింద, పారెయ్యకు.

స్టవ్ వెలిగించి పెనం పెట్టాను.
ఉల్లిపాయ కూడా తరగలేదు.
ఇరవై ఆరు గ్రాములు
అంచుదాకా పరుచుకున్నాయి,
పల్చగా.