లోపలికి జరగండి

పొద్దున ఆరుకి, కాఫీకన్నా ముందు
మూత తీసి ఐదుసార్లు గట్టిగా ఆడిస్తాను.
వెనకవైపు చిన్న కిటికీలో అంకె: ఎనభై ఆరు.
పాత బుద్ధి, చూడకుండా ఉండలేను.
ఏ స్టేజీలో ఏ నంబరు టిక్కెట్టు తెగిందో
ఇరవై ఆరేళ్ళు ఎస్సార్ రాసిన చెయ్యి ఇది.
గుంటూరు టు విజయవాడ, పల్లెవెలుగు.
భుజాన సంచి, నోట్లో ఈల.

ఇప్పుడు ఈల నోట్లో లేదు, ఛాతీలో ఉంది.
వెల్లకిలా పడుకుంటే చాలు
ఎవరో దిగాలన్నట్టు
తెల్లవార్లూ మోగుతూనే ఉంటుంది.

"బీడీలు కాల్చేవారా అమ్మా?" అన్నాడు డాక్టరు.
లేదు బాబూ.
మా అమ్మ ఊదిన పొయ్యి నేనూ ఊదాను,
పత్తికట్టె, అదీ పచ్చిది.
మార్చి నెలలో యార్డు పక్కన ఆగామంటే
మిరప ఘాటుకి బస్సంతా ఒక్కసారే తుమ్మేది.
పొగగొట్టం బండికి వెనకాల,
వెనక తలుపు దగ్గర నేను.
ఎవరు కాల్చారని చెప్పను?

నర్సు ఫరీదా, చిన్నపిల్ల,
గొట్టానికి సీసాలాంటి ప్లాస్టిక్ డబ్బా తగిలించి చేతికిచ్చింది.
"ఇందులో రెండు మందులున్నాయమ్మా.
ఒకటి దారి తెరుస్తుంది.
ఒకటి లోపలి వాపు దించుతుంది, నిదానంగా."
నాకర్థమైంది.
ఒకడు సైదులు, స్టీరింగు మీద.
ఇంకొకతి నేను,
"జరగండయ్యా, లోపలికి జరగండి,
మెట్టు మీదే ఉంటారేం, మధ్యలో అంతా ఖాళీ!"
ఇద్దరిలో ఒకరు రాకపోతే బండి డిపోలోనే.
సైదులు పోయి నాలుగేళ్ళు.
గొట్టంలో మాత్రం పొద్దునా రాత్రీ
డ్యూటీకి వస్తున్నాడు.

నీలం గొట్టం వేరే ఉంది,
ఆయాసం మీదపడ్డప్పుడు.
అది టిక్కెట్టు. ఇది పాసు.
ఎక్కినా ఎక్కకపోయినా పాసు తీసుకోవాల్సిందే.
ఇన్ని పాసులు చూసిన దాన్ని,
ఆ ఏడు వానాకాలంలో
బాగానే ఉందిగా అని మానేశాను.
డాబా మెట్లు ఆగకుండా ఎక్కి
బట్టలు కూడా ఆరేశాను.
ఐదో వారం, పెద్దాసుపత్రి.
పక్క మంచం తాలూకు ఎవరో ఆడమనిషి
నా వీపు రాస్తూ "పలక్కు, పలక్కు" అంటోంది.
ఫరీదా వచ్చి నిలబడితే
టిక్కెట్టు లేకుండా దొరికినట్టు తల దించుకున్నాను.

ఎదురింటి రోశమ్మ వదిన
"మొదలెడితే అలవాటైపోద్దంట" అంది.
ఊపిరీ అరవై మూడేళ్ళ అలవాటే వదినా,
మానమంటావా?

ఉన్న గాలంతా వదిలేసి,
డబ్బాని పెదాలతో బిగించి,
నొక్కి, నెమ్మదిగా పీల్చాలి,
నిండు బస్సు వారధి ఎక్కినట్టు.
ఆపైన బిగబట్టి పది లెక్కపెట్టాలంట.
నాకు ఆ టైములో అంకెలు రావు, ఊళ్ళే వస్తాయి.
పెదకాకాని.
నంబూరు.
కాజ. మొదట్లో ఇక్కడే దగ్గొచ్చి దిగిపోయేదాన్ని.
చినకాకాని.
మంగళగిరి, జనం ఎక్కువ, కాస్త ఆగాలి.
ఇవాళ తాడేపల్లి దాటాను.
ఏటిగాలి తగిలినట్టే ఉంది.
ఫ్యాను గాలేమో.

ఒక నిమిషం ఆగి రెండోసారి.
తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మాలి,
లేకపోతే నాలిక మీద తెల్లపూత.
క్యాలెండరులో ఇవాళ్టి గడిలో
ఎనభై నాలుగు అని రాశాను.
లెక్క సరిపోయింది.

వంటింట్లో పాలు మాడుతున్న వాసన.
లేచాను,
పరిగెత్తలేదు.