పదహారు గజాల ఖాళీ

బాలాపూర్ దాటినాక
మట్టిరోడ్డు రెండుసార్లు మనసు మార్చుకునే చోట
మా నూట యాభై గజాలు.
సరిగ్గా నడుమ, కాళ్ళు ముడుచుకుని పడుకున్న బర్రెలా
ఒక గుండు.
కాంట్రాక్టరు చుట్టూ తిరిగి చూసి
రెండు తూటాలు చాలన్నాడు.

చాయ్ హోటల్లో సలీం బావజీర్ సాబ్
సాసర్ ఊదుకుంటూ అన్నాడు:
"మా ముత్తాతల ఇసుక దేశంలో
నీడ కోసం ఇల్లు కట్టేవాళ్ళు బిడ్డా,
మీరు ఇల్లు కట్టినాక నీడను కొంటారు."
బిల్లు వెనక్కి తిప్పి గీశాడు
ఒక చతురస్రం, దాని లోపల ఇంకో చతురస్రం.
వీధికి వీపు. నింగికి ముఖం.
ఆ దేశం ఆయనా చూడలేదు.
వాళ్ళ తాత చెప్తే విన్నదే.
ఆ కాగితం మీది చాయ్ మరకను
ప్లానులో బావి అనుకున్నాను చాలా రోజులు.

నేను సిటీ బస్సు కండక్టర్ని.
ఖాళీ సీటు కనిపిస్తే
చెయ్యి దానంతటదే టికెట్ మిషను మీదికి పోతుంది.
అలాంటి నేను
సొంత ఇంటి నడుమ పన్నెండడుగులకు పన్నెండడుగులు
ఎవరికీ ఇవ్వకుండా వదిలేశాను.

మరిది వేళ్ళమీద గుణించాడు.
గజం నలభై వేలు, పదహారు గజాలు.
"ఆరు లక్షల నలభై వేలకు ఆకాశం కొన్నవా వదినా,
రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద?"
మా అత్త మల్లవ్వ ఒక్కతే నవ్వలేదు.
"దీన్నే కదనే మేము భవంతి అంటుంటిమి,"
అని పోయి గుండు మీద కూచుంది
కొలతకు వచ్చిన మనిషిలాగా.

కొమురయ్య మేస్త్రి సున్నం నానేశాడు.
కరక్కాయ నీళ్ళు, బెల్లం,
పద్దెనిమిది అంగుళాల గోడ.
ఎప్పుడైతది అని అడిగినప్పుడల్లా
"తొందర సిమెంటుకమ్మా, సున్నానికి కాదు."
పడమటి గోడకు కిటికీ పెట్టలేదు.
కప్పు మీద మాత్రం గాలికి ఒక మెడ కట్టాడు,
దాని గొంతులో తడి గోనెపట్టా,
కింద రెండు రంజన్లు.
పనివాళ్ళు దాన్ని ఒంటె అన్నారు.
పేరు అదే ఉండిపోయింది.

అబద్ధం ఎందుకు, మొదటి మే నెలలో ఓడిపోయాం.
గుండు పగలంతా ఎండ తాగి
రాత్రంతా కక్కింది.
ఎడారిలో రాత్రి చల్లబడేది ఇసుకట,
మాకున్నది దక్కన్ రాయి,
దానికి మరుపు లేదు.
బావజీర్ సాబ్ వచ్చి అరచెయ్యి ఆనించి
వెంటనే తీసేసుకున్నాడు.
"ఇది మా తాత చెప్పలేదు."

తర్వాత సంకురాత్రి మల్లె పాకించాం,
పాత చీరలు కలిపి కుట్టి
పొద్దున లాగే పందిరి, చీకటైతే మడిచేది.
పాత్రలు కడిగిన నీళ్ళు మల్లె మొదట్లోకి.
వాన నీళ్ళు గుండు వీపు మీంచి జారి
పక్కనున్న గుంతలోకి.
రెండో మే నెలలో
మా చిన్నది పరీక్ష పుస్తకం ఛాతీ మీద వేసుకుని
పట్టపగలు ఒంటె కింద నిద్రపోయింది,
ఫ్యాను తిరగనే లేదు.
మూడో మే నెలలో పక్కవాళ్ళు అయిదంతస్తులు లేపి
ఏసీ డబ్బాలు మా వైపే తిప్పారు.
ఇప్పుడు మధ్యాహ్నం మా మల్లెకు
వాళ్ళ చల్లదనం వేడిగా తగులుతుంది.
దీనికి మందు ఆ బిల్లు వెనక గీసి లేదు.

నిన్న ఇంటి పన్ను మనిషి వచ్చాడు.
టేపు పట్టి గదులన్నీ కొలిచి
నడుమకొచ్చి ఆగిపోయాడు.
"ఇది ఏం రూమమ్మా? ఏం రాయాలి?"
హాలు అందామంటే వాన పడుతుంది.
బయట అందామంటే నాలుగు వైపులా మేమే ఉన్నాం.
మా అత్త చెంబుతో నీళ్ళిచ్చింది.
ఆయన మెడ గుండీ విప్పి
టేపు గుండు మీద పెట్టి
పైకి చూశాడు కాసేపు.

రాసింది ఏమిటో చూడలేదు.
టేపు మాత్రం
ఇంకా ఇక్కడే ఉంది.