పద్నాలుగో ప్రశ్న

నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని
ఫారం నా ముందుకు జరిపింది అమ్మ.
ఇరవై రెండు పేజీలు.
నాకప్పుడు పదహారేళ్ళు. నెబ్రాస్కా మంచు
కిటికీ సగం దాకా మేట వేసింది.
ముందుగదిలో టోబిన్ గొంతులోని తెమడను
మిషను గుర్రుగుర్రుమని లాగుతోంది.

అక్టోబరులో ఒక ఉత్తరం వచ్చింది:
మీ ఆదాయం పరిమితికి నలభై ఒక్క డాలర్లు ఎక్కువ.
చక్కెర దుంపల ఫ్యాక్టరీలో
నాన్న చేసిన ఓవర్‌టైం అది.
ఆ కాగితాన్ని మడిచి మడిచి
తపాలా బిళ్ళంత చేసి
జేబులో పెట్టుకుని డ్యూటీకి పోయాడు.

కంపెనీ ఇన్సూరెన్సు
ఏడాదికి ఇరవై థెరపీలకు ఒప్పుకుంది.
మార్చికల్లా ఇరవై అయిపోయాయి.
ముడుచుకుపోవడానికి మాత్రం
టోబిన్ కాళ్ళు ఏప్రిల్లోనూ సెలవు తీసుకోలేదు.

ఇంకో దారి ఉందంది మిసెస్ ఒడెగార్డ్.
ఆమె కూతురు మా కంటే ముందు నడిచిన దారి,
నడవటమంటే, చక్రాల కుర్చీలో.
అక్కడ తల్లిదండ్రుల జీతం చూడరట,
బిడ్డనే చూస్తారట.
ఆస్పత్రిలో ఉంచాల్సినంత బిడ్డ అని రుజువు చేస్తే
ఇంట్లో ఉంచుకోనిస్తారట.
ఈ వాక్యాన్ని మళ్ళీ చెప్పమన్నాను.
మళ్ళీ అలాగే చెప్పింది.

"మంచిరోజు గురించి రాయొద్దు"
అని కూడా అంది, కాఫీ మగ్గులోకి చూస్తూ.
"చెడ్డరోజు రాయండి.
అన్నిటికన్నా చెడ్డది."

అమ్మ చెప్పింది, నేను రాశాను.
మింగలేడు. కూర్చోలేడు.
రాత్రి నాలుగుసార్లు పక్కకు తిప్పాలి.
మూర్ఛలు రోజుకు ఆరు.
(ఆ ఆదివారం ఎనిమిది కదా, అంది. ఎనిమిది వేశాను.)
పొట్టలో గొట్టం ఊడొచ్చిన రాత్రి
రంధ్రానికి వేలు అడ్డుపెట్టి
అరవై మైళ్ళు వ్యాను వెనక తను కూర్చున్న సంగతి
రెండు లైన్లలో పట్టించాను.
గీతలు రెండే ఉన్నాయి.

పద్నాలుగో ప్రశ్న దగ్గర పెన్ను ఆగింది.
బిడ్డ తనంతట తాను ఏమేమి చేయగలడు?

గూడ్సు బండి పొలిమేరకు రాకముందే
వాడికి తెలుస్తుంది కదమ్మా,
మనకింకా వినపడని కూత
వాడి బుగ్గ మీద ముందు పుడుతుంది కదా,
నాన్న బూట్ల మంచు దులిపే చప్పుడుకి
పిడికిలి విప్పుతాడు కదా,
ఎడమది. అదొక్కటే. వాడే విప్పుతాడు.

అమ్మ మిషను వైపు చూసింది.
"ఏమీ లేదు అని రాయి."
గుండెను రాయి చేసుకుని అన్నదో ఏమో
నాకు తెలీదు. గొంతు మాత్రం
కొట్లో గుడ్ల ధర అడిగినట్టే ఉంది.
రాశాను. గుండ్రంగా.

అప్పుడే ముందుగదిలో నవ్వు.
ఏదో బండి వస్తోందేమో.
అమ్మ లేచి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది,
కాగితం వింటుందేమోనన్నట్టు.

మంచు కరిగాక కార్డు వచ్చింది.
వాడి పేరులో ఒక అక్షరం తప్పు.
సరిచేయమని ఫోన్ చేసే ధైర్యం
ఇంట్లో ఎవరికీ లేకపోయింది.
థెరపిస్టు గ్రెటా వారానికి రెండుసార్లు వచ్చి
వాడి మడమలు సాగదీస్తూ
వాడికి బేస్‌బాల్ స్కోర్లు చెప్పేది.
నర్సు వచ్చిన మొదటి రాత్రి
అమ్మ వంటింటి నేల మీదే
తొమ్మిది గంటలు నిద్రపోయింది.
నాన్న ఆమెను దాటుకుంటూ కాఫీ కాచాడు.

మళ్ళీ జనవరి. మళ్ళీ ఫారం.
వాడింకా వాడేనని ఏటా రుజువు చేయాలి.
గడచిన ఏడాదిలో ఏదైనా మెరుగుదల?

"'మ్' అంటున్నాడు," అన్నాను.
"నిన్ను చూసినప్పుడే."

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.
మిషను ఓసారి గుర్రుమని ఆగింది.
సొరుగు తెరిచి, రబ్బరు బ్యాండ్లూ బిల్లులూ కెలికి,
పళ్ళతో కొరికిన పెన్సిలు ముక్క ఒకటి
నా వైపు తోసింది.

"దీంతో రాయి," అంది.